పాల ఒంటెల దగ్గర పనికి కుదిరిన అల్లుడికి

ధర్మాబాద్

అల్లుడూ,

నీకు గొర్రెల పని కాకుండా పాల ఒంటెల దగ్గర పని పడిందని మీ అమ్మ ఫోన్ చేసింది. ఒంటె తంతుందేమో, కరుస్తుందేమో అని ఆమెకు ఒకటే టెన్షన్. అదంత పెద్ద విషయం కాదు, నెలలో అలవాటైపోతావు. ఆ గల్ఫ్ ఎడారిలో ఏళ్ల తరబడి ఒంటెలు పిండి వచ్చినవాణ్ని, నాకున్న బెంగల్లా పొదుగువాపు గురించే.

ఇంటి దగ్గర బర్రెనూ, లాల్ కంధారి ఆవునూ పిండావు కాబట్టి చెయ్యి తిరిగే ఉంది. అయితే ఒంటె పొదుగు కథ వేరు. చన్నులు నాలుగే గానీ, ఒక్కో చన్నుకు సాధారణంగా రెండు రంధ్రాలుంటాయి, ఒక్కోసారి మూడు. దేని దారి దానిదే. ఒకే చన్నులో ఒక ధార మంచిగా, పక్క ధార చెడిపోయి రావచ్చు. అందుకే మొదటి రెండు మూడు ధారలు బకెట్‌లో పడనీయకు. నల్లటి ప్లేటులో పట్టి, వెలుతురులో వంచి చూడు. ఒంటె పాలకు నురగ ఎక్కువ, బకెట్‌లో పడ్డాక ఏమీ తెలియదు. ప్లేటులో అయితే సన్న తరకలు, పలచటి నీళ్లలాంటి పాలు, పసుపు చాయ, రక్తపు జీర ఇట్టే కనపడతాయి. ఆ తర్వాత అరచెయ్యి ఆనించి చూడు. ఒక పక్క వేడిగా, గట్టిగా ఉన్నా, ముట్టుకోగానే కాలు జాడించినా, పిల్లను కుడవనీయకపోయినా అనుమానించాల్సిందే.

పైకి ఏమీ కనపడని రకం ఇంకా చెడ్డది. పాలు బాగానే ఉంటాయి, కొలత మాత్రం తగ్గుతుంది. దానికి నాలుగు గుంటల ప్లేటులో పాలు పోసి మందు కలిపే పరీక్ష ఉంది. చెడితే జిగురుగా చిక్కబడతాయి. ఒంటె పాలకు కాస్త చిక్కదనం మామూలుగానే రావచ్చు కాబట్టి, నాలుగు చన్నుల పాలనూ ఒకదాంతో ఒకటి పోల్చి చూడాలి. తేడా ఉంటే డాక్టరుకు చెప్పు, తీర్పు ఆయనది.

ఈ జబ్బు తెచ్చే స్టాఫిలోకాకస్, స్ట్రెప్టోకాకస్ లాంటి క్రిములు ఎక్కువగా మన చేతులు పట్టుకునే తిరుగుతాయి. ఒకే గుడ్డతో పది ఒంటెల పొదుగులు తుడిచేవాళ్లను అక్కడ చూస్తావు. నువ్వు అలా చెయ్యకు. ఒంటెకో గుడ్డ వాడు. జబ్బుదాన్ని అన్నిటికంటే చివర పిండు. పాలల్లో వేలు ముంచి చన్ను తడిపే మన ఊరి అలవాటు మానెయ్. బొటనవేలు మడిచి గుంజకు, నిండు పిడికిలితో పిండు. పిల్ల కుడిస్తే గానీ ఒంటె చేపదు, చేపినా ఒకటి రెండు నిమిషాలే. గిన్నె, గుడ్డ, ప్లేటు అన్నీ ముందే సిద్ధం చేసుకుంటే తొందరలో చన్ను నలగదు. పిండటం, పిల్ల కుడవటం అయిపోయాక చన్నులను అయోడిన్‌లో ముంచు.

పిల్ల తాగకుండా చన్నులకు తాడు బిగిస్తారు కొందరు. అక్కడ పుండు పడితే జబ్బుకు తలుపు తీసినట్టే. పిడుదులు కూడా మెత్తటి చోటు చూసుకుని పొదుగునే పడతాయి. వాటిని పీకితే నోరు లోపలే ఉండిపోతుంది. డాక్టరిచ్చిన మందే కొట్టు.

ఇప్పుడు అసలు సంగతి. ఆవుల కోసం తయారైన ట్యూబు మందు తెచ్చి ఎక్కించమని పక్కవాడెవడో చెప్తాడు. ఒంటె చన్ను దారి చాలా సన్నం, ఆ మూతి తోస్తే చీరుకుపోతుంది. పైగా ఒక రంధ్రంలో ఎక్కించినా పక్క దారికి మందు అందదు. అది డాక్టరు పని. పాలు ల్యాబుకు పంపితే ఏ మందు పనిచేస్తుందో తెలుస్తుంది. సూదుల కోర్సు మధ్యలో ఆపనీయకు. డాక్టరు చెప్పినన్ని రోజులు ఆ పాలు మిగతా పాలల్లో కలవకూడదు.

కఫీల్, అంటే అక్కడి యజమాని, జీతం కోస్తాడని భయపడి కొత్తవాళ్లు దాచిపెడతారు. అక్కడే కొంప మునుగుతుంది. ఆలస్యమైతే ఆ పక్క గడ్డకట్టి శాశ్వతంగా ఎండిపోవచ్చు. ఒంటె చూలు దాదాపు 13 నెలలు, మళ్లీ ఈనేదాకా యజమాని నష్టం ఎంతో నువ్వే లెక్కేసుకో. కోపం వచ్చినా ఆ పొద్దునే చెప్పెయ్. తేదీ, ఒంటె నంబరు, ఏ చన్నో నోట్‌బుక్‌లో రాసిపెట్టు. తెలుగులో రాసినా, మరాఠీలో రాసినా సరే. ఆ పుస్తకమే నీకు సాక్ష్యం.

పచ్చి పాలు బలమని పోస్తారు. పొయ్యి మీద పొంగు రానిచ్చి తాగు. పచ్చి పాలతో బ్రూసెల్లోసిస్ వస్తే జ్వరం, కీళ్ల నొప్పులు నెలల తరబడి వదలవు. సౌదీలో 2012లో బయటపడ్డ, ఊపిరితిత్తులను దెబ్బతీసే మెర్స్ వైరస్ కూడా ఒంటెల్లో ఉండేదే. మర్యాద కోసం తాగానని ఫోన్ చేశావంటే తిడతాను.

గోళ్లు వారం వారం తీసుకో. నెయిల్ కట్టర్ ఇంట్లోనే మరిచిపోయావట, అక్కడే ఒకటి కొనుక్కో.

నీ మామ