గ్రీకు చేప పేరు పుట్టుక వెతికే మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి ఆశీస్సులు.

ప్రాచీన గ్రీకు చేపల పేర్ల మీద రాయాలనుకుంటున్నావనీ, మీసాల చేప పేరైన గ్లనిస్‌తో మొదలుపెడతాననీ తెలిసి సంతోషించాను. తేలిక పేరు కాదు గానీ, పని నేర్పే పేరు.

ముందు మూడు కాగితాలు తీసుకో. ఈ పేరు ఏ చేపది అన్నది ఒకదాని మీద, ఈ మాట ఎలా పుట్టింది అన్నది రెండోదాని మీద, వాడినవాళ్లు అక్కడ ఏం చెప్పదలిచారు అన్నది మూడోదాని మీద రాయి. ఒక కాగితం మీది జవాబుని ఇంకోదానికి సాక్ష్యంగా వాడొద్దు. ఈ విషయంలో జరిగే తప్పుల్లో ఎక్కువ భాగం అక్కడే పుడతాయి.

వర్ణక్రమంతో మొదలుపెట్టు. గ్రీకు లిపిలో ఈ మాటకి ఆల్ఫా మీద పైకి వాలిన స్వరచిహ్నం ఉంటుంది. చివరి అచ్చు హ్రస్వంగా ఉండి, దాని ముందు అచ్చు దీర్ఘమై స్వరం దానిమీదే పడితే, గ్రీకులో వంపు చిహ్నం రావాలి. ఇక్కడ అది లేదు కనుక ఆల్ఫా హ్రస్వమే. తెలుగులో గ్లనిస్ అని రాయాలి, గ్లానిస్ అని కాదు. ఇంగ్లీషు అక్షరాల్లో చూసి రాసేవాళ్లకి ఈ తేడా కనబడదు. షష్ఠీ విభక్తిలో గ్లనియోస్, గ్లనిదోస్ అని రెండు రూపాలున్నాయి. రెండూ రాసుకో. ప్రథమావిభక్తి రూపం ఒక్కటే వెతికితే చాలా ప్రయోగాలు చేజారిపోతాయి.

తరవాత ప్రయోగాల పట్టిక. రచయిత, శతాబ్దం, చోటు, చెప్పిన సంగతి, అది తను తెలుసుకున్నదా ఇంకొకరి నుంచి ఎత్తి రాసినదా అని అయిదు గడులు. చివరి గడి ఖాళీగా వదలొద్దు. అరిస్టాటిల్ (క్రీ.పూ. 4వ శతాబ్దం) జంతువుల గురించిన తన పెద్ద గ్రంథంలో గ్లనిస్ సంగతి వివరంగా చెప్పాడు. గుడ్లు పెట్టాక ఆడచేప వెళ్లిపోతుంది. మగచేప ఆ గుడ్ల దగ్గరే ఉండి, చిన్న చేపలు తినెయ్యకుండా నలభై, యాభై రోజులు కాపలా కాస్తుంది. ఈ భాగాన్ని బెకర్ సంఖ్యతోనే (621ఎ) గుర్తు పెట్టుకో, అంటే బెకర్ ముద్రించిన అరిస్టాటిల్ రచనల్లోని పుట సంఖ్యతో. పాత ముద్రణల్లో తొమ్మిదో సంపుటమైనది కొన్ని కొత్త ముద్రణల్లో ఎనిమిదోది అయింది, సంపుటం సంఖ్య రాస్తే చదివేవాళ్లు తికమకపడతారు.

ప్రకృతి విషయాలన్నీ పోగుచేసి రాసిన రోమన్ రచయిత ప్లినీ దగ్గరికి వచ్చేసరికి (క్రీ.శ. 1వ శతాబ్దం) బాగా జాగ్రత్తపడు. తొమ్మిదో సంపుటంలో ఒకచోట గ్లనిస్ అనే చేప గాలాన్ని వెనకవైపు నుంచి కొరికి ఎర మాత్రం లాగేస్తుందంటాడు. అదే సంపుటంలో ఇంకోచోట గుడ్లు కాసే మగచేపకి సిలూరస్ అని పేరు పెడతాడు. అరిస్టాటిల్ ఒకే చేపకి చెప్పిన గుణాలు ఇక్కడ రెండు పేర్ల కింద చీలిపోయాయి. ప్లినీని విడి సాక్షిగా లెక్కేస్తే లేని చేప ఒకటి పుట్టుకొస్తుంది. క్రీ.పూ. 424లో ఆడిన అరిస్టోఫనీస్ నాటకంలోనూ గ్లనిస్ కనిపిస్తాడు గానీ, అక్కడ అది నవ్వు కోసం కల్పించిన జోస్యగాడి పేరు. అది మూడో కాగితానికే పనికొస్తుంది.

ఇక ఏ చేప అన్న సంగతి. జీవజాతులకి శాస్త్రీయ నామాలు పెట్టిన లినేయస్ 1758లో మధ్య యూరప్ నదుల్లోని పెద్ద మీసాల చేపకి సిలూరస్ గ్లనిస్ అని పేరు పెట్టాడు. చాలామంది దీన్నే రుజువుగా చూపిస్తారు. అది పద్దెనిమిదో శతాబ్దపు నిర్ణయం, గ్రీకు సాక్ష్యం కాదు. పశ్చిమ గ్రీసులోని అఖెలోస్ నది చేపల్ని పరీక్షించి, అరిస్టాటిల్ చెప్పినది ఈ వేరే జాతి అని 1856లో జీవశాస్త్రవేత్త లూయీ అగాసీ వాదించాడు. దానికి 1890లో గార్మన్ అనే ఇంకో శాస్త్రవేత్త లాంఛనంగా వర్ణన రాశాడు. ఇప్పుడు దాని పేరులో అరిస్టాటిల్ ఉన్నాడు. ఎదిగిన చేపల్ని పక్కపక్కన పెడితే తేడా మీసాల్లో తెలుస్తుంది: యూరప్ చేపకి ఆరు, అఖెలోస్ చేపకి నాలుగు. కానీ అరిస్టాటిల్ మీసాలు లెక్కపెట్టి చెప్పలేదు. గుడ్లు కాయడం ఒక్కటే ఆనవాలు అనుకోవడానికీ లేదు, యూరప్ చేపలోనూ మగది గూడు కాస్తుందని ఇప్పుడు తెలుసు. అగాసీ వాదానికి బలం ఇచ్చేది ప్రవర్తన, చోటు, గ్రీసులో నేటికీ జనం నోట ఉన్న గ్లనీది అనే పేరు, ఈ మూడూ కలిసినప్పుడే. గ్రీకు యాత్రా రచయిత పౌసానియాస్ (క్రీ.శ. 2వ శతాబ్దం) ఆసియా మైనర్‌లోని (నేటి టర్కీ) హెర్మోస్, మేయాండర్ నదుల గ్లనిస్‌ల మాట ఎత్తాడు. కనుక ఒకే పేరు రెండు జాతులకి చెల్లి ఉండొచ్చని ఒక వాక్యం తప్పకుండా రాయి.

మాట పుట్టుకకి వస్తే, కొన్ని చేపల పేర్లు చూడగానే విడిపోతాయి. కత్తిచేప పేరు క్సిఫియాస్ కత్తి నుంచి వచ్చింది. ఎఖెనేఇస్ అంటే ఓడని పట్టి ఉంచేది. గ్లనిస్ అలా విడిపోదు. అరిస్టాటిలే ఇంకోచోట హైనాని కొందరు గ్లనోస్ అంటారని రాశాడు (594ఎ). తిండిపోతుతనం వల్ల ఆ మృగం పేరు చేపకి వచ్చిందని పండితులు చెప్పే వ్యుత్పత్తికి ఆధారం ఇదే. నచ్చే మాటే, కానీ గ్లనోస్ ఎక్కడిదో తేలలేదు కనుక ప్రశ్న ఒక మెట్టు వెనక్కి జరిగిందంతే. గ్రీకు మాటల పుట్టుక చెప్పే షాంట్రేన్, బీక్స్ నిఘంటువులు రెండూ చూడు. బీక్స్ చాలా మాటల్ని గ్రీకుకి ముందటి భాషలకి కట్టబెడతాడు, ఆయనొక్కడే సాక్షి అయితే నమ్మకం కొంచెం తగ్గించుకో. చేపల గుర్తింపుకి డార్సీ థాంప్సన్ 1947 నాటి పదకోశం ఇప్పటికీ మంచి తోడు.

ప్రతి వాక్యం పక్కన పెన్సిలుతో ఖాయం, బలంగా తోస్తోంది, ఊహ అని ఒక గుర్తు పెట్టు. అచ్చుకి వెళ్లేటప్పుడు ఆ తేడా వాక్యంలోనే వినిపించాలి. హైనా సంగతికి "అంటారు" చాలు, "అయింది" అని రాయకు.

తెలుగులో గ్లనిస్‌ని వాలుగ అని అనువదించొద్దు. మన గోదావరి, కృష్ణల్లోని వాలుగ అదే కుటుంబపు చేపే, దానికీ నాలుగు మీసాలే. అయినా జాతి వేరు. "మన వాలుగ కుటుంబపు చేప" అంటే సరిపోతుంది.

వ్యాసం కంటే ముందు ఆ అయిదు గడుల పట్టిక పంపు, చూసి చెబుతాను.

నీ మామయ్య