సందేహాలు – సమాధానాలు: కప్పును సోల అనవచ్చా?

సందేహం: మేము నలుగురం కలిసి ఇంగ్లీషు, తెలుగు, తమిళ భాషల్లో వంటల వెబ్‌సైటు నడుపుతున్నాం. వంటకం ముందు ఇంగ్లీషులో సిద్ధమవుతుంది, నేను దాన్ని తెలుగు చేస్తాను. కప్పు, టేబుల్ స్పూను, టీ స్పూను అనే కొలతలను సోల, గరిటె, చెంచా అని రాయవచ్చా? పదార్థాల పేర్లు కోస్తా మాటల్లో రాస్తే తెలంగాణ పాఠకులు, తెలంగాణ మాటల్లో రాస్తే కోస్తావారు ‘ఇదేమిటి?’ అంటున్నారు. ఏం చేయాలి? – ఒక పాఠకురాలు, విజయవాడ

సమాధానం: కప్పును సోల అనకండి. సోల చక్కటి తెలుగు మాటే గాని, అది వేరే కొలత. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, నాలుగు మానికలు ఒక కుంచం అని పెద్దలు లెక్క ఒప్పజెప్పేవారు. ఆ లెక్క ఒకటే అయినా సోల పరిమాణం అన్ని ప్రాంతాల్లోనూ ఒకటిగా ఉండేది కాదు. పైగా నేడు సోల చేతిలో ఉన్న వంటిళ్లు ఎన్ని? వంటకంలో కప్పు అన్నప్పుడు అమెరికావారికి సుమారు 237 మిల్లీలీటర్లు, ఆస్ట్రేలియావారికి 250 మిల్లీలీటర్లు. టేబుల్ స్పూను దగ్గర తేడా ఇంకా ఎక్కువ: అమెరికాలో సుమారు 15, ఆస్ట్రేలియాలో 20. అందువల్ల అనువాదానికి కూర్చునే ముందు మూల వంటకాన్ని ఏ దేశపు కప్పుతో కొలిచారో కనుక్కుని, ‘కప్పు’ అనే మాటను అలాగే ఉంచి, పక్కన మిల్లీలీటర్లు వేయండి. కప్పు మనకు పరాయి మాటగా వినిపించడం ఏనాడో మానేసింది.

గరిటె అన్న మాట కూడా ఇక్కడ పనికిరాదు, పప్పు గరిటె వేరు, నేతి గరిటె వేరు కనుక. పెద్ద చెంచా, చిన్న చెంచా అనవచ్చు. అయితే పెద్దది 15, చిన్నది 5 మిల్లీలీటర్లని ప్రతి వంటకం మొదట్లోనూ చెప్పాలి. నన్నడిగితే ‘టే.స్పూ.’, ‘టీ.స్పూ.’ అనే పొడి అక్షరాలను పూర్తిగా మానేయడం అంతకన్నా ముఖ్యం. ఫోను తెర మీద ఆ రెంటికీ తేడా ట మీది ఒక్క గుర్తే. గుడిదీర్ఘం ఉండవలసిన చోట ఏత్వం పడిందా, కూరలో ఉప్పు మూడింతలవుతుంది.

మూలంలోనే కొలత ఉజ్జాయింపుగా ఉన్నచోట మాత్రం తెలుగు తన సొంత సొమ్ము ధారాళంగా వాడుకోవచ్చు. చిటికెడు ఇంగువ, గుప్పెడు పుదీనా, దోసెడు అటుకులు, నిమ్మకాయంత చింతపండు – వీటికి మిల్లీలీటర్లు అక్కర్లేదు. అయితే ఇక్కడ వ్యాకరణం ఒక చిక్కు పెడుతుంది. ‘ఎడు’ అనే ప్రత్యయంలోనే ‘ఒకటి నిండా’ అన్న అర్థం ఉంది కాబట్టి ‘1 చిటికెడు’ అంటే పునరుక్తి, ‘2 చిటికెడు’ అంటే తప్పు. ఒకటి దాటితే ప్రత్యయం ఊడిపోయి రెండు చిటికెలు, రెండు గుప్పిళ్లు, రెండు దోసిళ్లు అవుతాయి. మీ వెబ్‌సైటులో అంకెకు ఒక గడి, కొలతకు ఒక గడి, పదార్థానికి ఒక గడి ఉండి, యంత్రం ఆ మూడింటినీ వరసగా అతికిస్తూ ఉంటే ఇలాంటివన్నీ చెడిపోతాయి. ‘0.5 చెంచాలు’ అని తెలుగువారెవరూ అనరు, అరచెంచా అంటారు. ఒకటిన్నర కప్పు అనడం ఎంత సహజమో కప్పున్నర అనడమూ అంతే సహజం, కాని రెండో దానిలో అంకె కొలత వెనక్కి వెళ్లింది. ‘2 కప్పులు మైదా’ అనే ఇంగ్లీషు వరసలో ఇంకో ఇబ్బంది ఉంది: వాక్యంలో అది ‘రెండు కప్పుల మైదా’ కావాలి. పట్టికలో పదార్థాన్ని ముందుంచి ‘మైదా – 2 కప్పులు’ అని రాస్తే ఈ గొడవ ఉండదు. మన పత్రికల వంటల శీర్షికల్లో వరస సాధారణంగా ఇదే.

ఇక పదార్థాలు. యంత్రానువాదంలో ‘వెల్లుల్లి లవంగాలు’ అన్న మాట మీరూ చూసే ఉంటారు. ఇంగ్లీషులో వెల్లుల్లి రెబ్బనూ లవంగాన్నీ ‘క్లోవ్’ అనే అంటారు. యంత్రానికి రెండో అర్థమే తోచింది. పచ్చడిలో పది రెబ్బలకు బదులు పది లవంగాలు పడితే దాన్ని నోట పెట్టలేం. రెబ్బ అనే రాయండి, పాయ అనవద్దు. జడపాయ, నదీపాయల్లో పాయ అంటే చీలిక. వెల్లుల్లిపాయ అంటే మాత్రం చాలామందికి మొత్తం గడ్డ. కొరియాండర్ అన్నచోట ధనియాలా కొత్తిమీరా అన్నది వంట విధానం చదివి తేల్చుకోవాలి: వేయించి పొడి కొట్టమంటే ధనియాలు, దించే ముందు చల్లమంటే కొత్తిమీర. కార్న్‌ఫ్లోర్ దగ్గర మరీ జాగ్రత్త. మన బజారులో ఆ పేరుతో దొరికేది మంచూరియా చిక్కబడటానికి కలిపే తెల్లటి గంజిపొడి. అమెరికా వంటకంలో అదే మాటకు మెత్తగా విసిరిన మొక్కజొన్న పిండి అని అర్థం, గంజిపొడిని వారు కార్న్‌స్టార్చ్ అంటారు. నిఘంటువు ఈ తేడా చూపకపోవచ్చు, కొట్టులో అడిగితే తెలుస్తుంది. బేకింగ్ సోడాకు వంట సోడా ఉంది. బేకింగ్ పౌడర్‌ను అలాగే ఉంచండి. రెండూ ఒకటి కావు.

ప్రాంతీయ నామాల్లో ఒకటి ఒప్పు, ఒకటి తప్పు అనేదేమీ లేదు. బంగాళాదుంప, ఆలుగడ్డ, ఉర్లగడ్డ మూడూ తెలుగే. వంటకం ఏ ప్రాంతానిదో ఆ ప్రాంతపు మాటను ముందు పెట్టి, పట్టికలో ఒక్కసారి గీత గీసి రెండో మాట ఇవ్వండి. విధానంలో మొదటి మాటనే చివరిదాకా వాడండి. తెలంగాణ వంటకమైన సర్వపిండికి ‘పల్లీలు / వేరుశనగ గుళ్లు’ అని రాస్తే గుంటూరు పాఠకురాలికీ అర్థమవుతుంది. ఉత్త ‘శనగలు’ అని మాత్రం పల్లీల చోట రాయకండి. రాయలసీమలో శనక్కాయలంటే వేరుశనగ కాయలే అయినా, శనగలంటే అందరికీ గుర్తొచ్చేది గుగ్గిళ్లు చేసుకునే గింజలు.