ఈ-ఇన్‌వాయిస్ కోసం చీటీ పాడతారా?

ప్రశ్న: తిరుపతిలో లాడ్జీలకు, హోటళ్లకు దుప్పట్లు, సబ్బులు, ఫినాయిల్ లాంటివి సప్లై చేస్తుంటాను. ఈ ఏడాది టర్నోవర్ మొదటిసారి 5 కోట్లు దాటేలా ఉంది. ఏప్రిల్ నుంచి ఈ-ఇన్‌వాయిస్ (బిల్లును ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేసి నంబరు తీసుకోవడం) తప్పదని ఆడిటర్ గారు చెప్పారు. కొత్త సాఫ్ట్‌వేర్, కంప్యూటర్లు కలిపి 3 లక్షలకు కొటేషన్ ఇచ్చారు. డెలివరీ చలాన్ (సరుకు పంపిన చీటీ) మీద పంపి ఇంకా బిల్లు వేయని సరుకు 38 లక్షల దాకా ఉంది. డబ్బు వచ్చినప్పుడే బిల్లు వేయడం మాకు అలవాటు. అన్నిటికీ ఇప్పుడు వేస్తే పన్ను 4.2 లక్షలవుతుంది. 10 లక్షల చీటీ పాడితే 7.2 లక్షలు చేతికొస్తాయి. చాలకపోతే రెండు రూపాయల వడ్డీకి ఇచ్చేవాళ్లున్నారు. 6 లక్షల ఎఫ్‌డీ ఉంది కానీ కదపడం ఇష్టం లేదు. మా ఆవిడ పేరు మీద ఇంకో ఫర్మ్ పెడితే ఈ గొడవ తప్పుతుందా?

జవాబు: ఈ-ఇన్‌వాయిస్ అనగానే అందరూ ముందు సాఫ్ట్‌వేర్ కొటేషన్ తెప్పించుకుంటారు. మీ అసలు చిక్కు కొటేషన్‌లో లేదు, ఆ చలాన్ల కట్టలో ఉంది. హోటల్ వాళ్లు డబ్బిచ్చినప్పుడు బిల్లు, బిల్లు వేసినప్పుడు పన్ను అనే పద్ధతిలో ఇన్నాళ్లూ ప్రభుత్వానికి కట్టాల్సిన సొమ్ముతో వ్యాపారం తిప్పారు. సరుకు కొన్నప్పటి ఇన్‌పుట్ క్రెడిట్ (కొనుగోలు మీద కట్టిన పన్నును మీరు కట్టాల్సిన దాంట్లో మినహాయించుకోవడం) మాత్రం ఎప్పుడో వాడేసుకుని ఉంటారు. అందుకే 4.2 లక్షలూ ఇప్పుడు నగదుగా కట్టాల్సి వస్తోంది.

సరుకు కదిలేటప్పుడే బిల్లు వేయాలన్నది జీఎస్‌టీలో మొదటి నుంచీ ఉన్న నిబంధనే. ఇకపై తేడా వస్తే దాగదు. బిల్లు తేదీతో పాటు పోర్టల్ ఇచ్చిన అక్‌నాలెడ్జ్‌మెంట్ తేదీ కూడా కాగితం మీద పడుతుంది. ఏప్రిల్ 3న పంపిన సరుకుకి జూన్‌లో నంబరు తీసుకుంటే ఎవరైనా పట్టేస్తారు. ఐఆర్‌ఎన్ (పోర్టల్ ఇచ్చే ఆ నంబరు) లేని బిల్లు చట్టం దృష్టిలో బిల్లే కాదు. జరిమానా 10,000 రూపాయలు లేదా ఆ పన్ను మొత్తం, ఏది ఎక్కువైతే అది.

ఇక మీ అప్పుల లెక్క. చీటీ పాడితే 2.8 లక్షలు పోతాయి. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. ఆలస్యమైన జీఎస్‌టీకి ప్రభుత్వం వేసే వడ్డీ 18 శాతం. సగటున రెండు నెలలు ఆలస్యమైందనుకుంటే 4.2 లక్షల మీద అయ్యేది 12,600 రూపాయలు. ఆ మాత్రం దానికి 2.8 లక్షలు వదులుకుంటారా? పన్ను కోసం ప్రైవేటు ఫైనాన్స్ మెట్లెక్కిన వ్యాపారిని మళ్లీ నిలదొక్కుకోగా నేను చూడలేదు. ఆ ఆలోచన ఇవాళే మానుకోండి. ఈ నెలలోనే అన్ని చలాన్లకూ బిల్లులు వేసి, వడ్డీతో సహా ఎంతవుతుందో ఆడిటర్‌తో కచ్చితంగా లెక్క కట్టించి, ఎఫ్‌డీ తీసి కట్టేయండి. ఇలాంటి రోజు కోసమే కదా అది ఉన్నది!

తర్వాత ఆ ఎఫ్‌డీని అంతకంటే పెద్దగా మళ్లీ నింపాలి. ఈ విషయంలో నేను మొండివాణ్ణే. మీరు పంపిన పద్దులో గోడౌన్ అద్దె, నలుగురి జీతాలు, ఆటో కలిపి నెలకు 2.1 లక్షలు. జీఎస్‌టీలో నగదుగా కట్టేది సుమారు 80 వేలు, ఇంటి ఖర్చు 60 వేలు. మొత్తం మూడున్నర లక్షలు. మూడు నెలలకు పదిన్నర లక్షలు విడిగా ఉండాలి. కరెంట్ అకౌంట్‌లో ఉన్నది నిధి కాదు, ఏదో ఒక సప్లయర్ చెక్కుకి అది ఆవిరైపోతుంది. వేరే బ్యాంకులో పెట్టండి. హోటళ్ల నుంచి రావాల్సిన 38 లక్షల్లో మొదట వసూలైన పదిన్నర లక్షలు నేరుగా అక్కడికే వెళ్లాలి. అది నిండేదాకా రేణిగుంట రోడ్డులో ప్లాటు లాంటి మాటలు ఇంట్లో ఎత్తొద్దు.

తిరుపతిలో ఈ నిధి మరింత అవసరం. బ్రహ్మోత్సవాలప్పుడు, వేసవి సెలవుల్లో లాడ్జీలు కిటకిటలాడినా మీ బాకీ తీరేది వాళ్లకు తీరిక దొరికినప్పుడే. పైగా 2025 సెప్టెంబర్ 22 నుంచి రోజుకు 7,500 లోపు గదులకు ఇన్‌పుట్ క్రెడిట్ లేకుండా 5 శాతం పన్ను. మీ బిల్లులో జీఎస్‌టీ వాళ్లకు నేరుగా ఖర్చే, కాబట్టి ధర తగ్గించమని, గడువు పెంచమని ఒత్తిడి చేస్తారు. ‘బిల్లు వద్దు, చలాన్ చాలు’ అనేవాళ్లూ ఉంటారు. వాళ్లకు జీఎస్‌టీ నంబరు ఉంటే క్రెడిట్ వచ్చినా రాకపోయినా ఈ-ఇన్‌వాయిస్ వేయాల్సిందే. నంబరు లేని చిన్న లాడ్జీలకు మామూలు బిల్లు చాలు. 45 రోజుల్లో చెల్లించాలన్న ఎంఎస్‌ఎంఈ (చిన్న, మధ్యతరహా సంస్థల) నిబంధన మీద ఆశ పెట్టుకోకండి, మీలాంటి ట్రేడర్లకు అది వర్తించదు.

సాఫ్ట్‌వేర్ సంగతి రెండు ముక్కల్లో. ఇప్పుడు ట్యాలీ లాంటి అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ వాడుతుంటే అందులోనే ఈ సౌకర్యం ఉంటుంది. లేదంటే ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐసీ ఇచ్చే ఉచిత టూల్ ఉంది. 3 లక్షల కొటేషన్ చించేయండి. ముందు పార్టీల జీఎస్‌టీ నంబర్లు, పిన్‌కోడ్‌లు సరిచూసుకోండి. హెచ్‌ఎస్‌ఎన్ (సరుకు రకాన్ని తెలిపే కోడ్) ఆరు అంకెలకు మార్చండి. బిల్లు నంబరు 0417 అని సున్నాతో మొదలైతే పోర్టల్ తీసుకోదు. రద్దుకు 24 గంటలే గడువు, ఆ తర్వాత సాధారణంగా క్రెడిట్ నోటు (బిల్లు మొత్తాన్ని తగ్గిస్తూ ఇచ్చే పత్రం) వేసుకోవాలి, రద్దయిన నంబరు మళ్లీ పనికిరాదు. లాగిన్ ఓటీపీ ఎవరి ఫోన్‌కి వెళ్తోందో చూడండి. ఆడిటర్ గారి గుమస్తా సెలవు పెట్టిన రోజు మీ ఆటో గోడౌన్ దగ్గరే ఆగిపోకూడదు.

గోడౌన్ సరుకుకు ఇన్సూరెన్స్ లేకపోతే ఈ వారమే తీసుకోండి. బ్యాంకు ఓడీ (ఓవర్‌డ్రాఫ్ట్ అప్పు సదుపాయం) పెట్టుకుంటే పెట్టుకోండి, దాన్ని నిధి కింద మాత్రం లెక్కించొద్దు.

మీ ఆవిడ పేరు మీద ఫర్మ్: పాన్ వేరైతే టర్నోవర్ వేరే, నిజమే. కానీ అదే గోడౌన్, అదే సరుకు, అవే లాడ్జీలతో బిల్లులు రెండుగా చీలిస్తే అధికారులు అడిగే మొదటి ప్రశ్నకే మీ దగ్గర జవాబుండదు. ఒక్క ఏడాది 5 కోట్లు దాటితే చాలు, తర్వాత టర్నోవర్ తగ్గినా మీ పాన్‌కు ఈ-ఇన్‌వాయిస్ కొనసాగుతుంది.