మూడు రోజుల్లో అచ్చేస్తామంటే ఆగండి

ప్రశ్న: సార్, ఒంగోలు దగ్గర ఒక డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతూ పీహెచ్‌డీ చేస్తున్నాను. కనిగిరి వైపు ఊళ్లలో 60 బోర్ల నీళ్లు ఎండాకాలం ఒకసారి, వానలయ్యాక ఒకసారి పట్టి తెచ్చి ఫ్లోరైడ్ పరీక్షలు చేశాను. ఒక జర్నల్ వాళ్లు ‘72 గంటల్లో అంగీకారం, 4,500 రూపాయలు, సర్టిఫికెట్ ఉచితం’ అని మెయిల్ మీద మెయిల్ పెడుతున్నారు. ఇంకో విదేశీ ఓపెన్ యాక్సెస్ జర్నల్‌కి 1,800 డాలర్లట, అంత నా వల్ల కాదు. గైడ్ గారు మొదటిదానికే కట్టేయమంటున్నారు. ఓపెన్ యాక్సెస్ అంటేనే డబ్బు కట్టడమా? అందరికీ కనబడేలా పెడితే నా డేటా ఎవరైనా కొట్టేస్తే?
– ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: ఆ 4,500 కట్టకండమ్మా. గైడ్ గారికి నా మీద కోపం వచ్చినా ఫర్వాలేదు.

నేనూ ఒకప్పుడు కట్టినవాణ్ణే. ప్రమోషన్ ఫైలు కదలాలంటే పేపర్ ఉండాలన్నారు, ఆ టెన్షన్‌లో 3,000 పంపించాను, నాలుగో రోజుకల్లా అచ్చయిపోయింది, నేను రాసిన తప్పులు కూడా చెక్కుచెదరకుండా అలాగే వేశారు. రెండేళ్ల తర్వాత ఇంటర్వ్యూలో చూపిద్దామని లింకు నొక్కితే వెబ్‌సైటే లేదు. పోనీ ఇంకో చోట వేసుకుందామా అంటే ఒకసారి అచ్చయిన పేపరాయె. డబ్బుతో పాటు ఏడాది పని కూడా పోయింది.

72 గంటల్లో మీ పేపర్‌ని ఎవరు చదువుతారు చెప్పండి? ఈ పని తెలిసిన సమీక్షకుడైతే కూర్చోబెట్టి అడుగుతాడు: ఫ్లోరైడ్‌ని అయాన్ సెలెక్టివ్ ఎలక్ట్రోడ్ అనే పరికరంతో కొలిచారా, రంగు మార్పు చూసి లెక్కగట్టే ఎస్పీఏడీఎన్ఎస్ పద్ధతిలోనా, ఒక్కో శాంపిల్ ఎన్నిసార్లు చూశారు, బోర్ల లోతెంత, ఈ 60 బోర్లే ఎందుకు ఎంచుకున్నారు? తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్న హద్దు దగ్గర ఈ లెక్కలు కాస్త అటూఇటూ అయితే ఒక ఊరి నీళ్లు మంచివో కావో తేలదు. ఆ ప్రశ్నలు విసుగ్గానే ఉంటాయి, కానీ పేపర్ గట్టిపడేది వాటితోనే. 2013లో ‘సైన్స్’ పత్రిక తరఫున జాన్ బొహానన్ అనే విలేకరి కావాలని తప్పులు పెట్టి ఒక దొంగ పేపర్ తయారు చేసి 304 ఓపెన్ యాక్సెస్ జర్నల్స్‌కి పంపితే 157 జర్నల్స్ ‘భేష్, వేసుకుంటాం’ అన్నాయి. తిప్పికొట్టినవీ ఉన్నాయి, అది కూడా చెప్పుకోవాలి.

ఓపెన్ యాక్సెస్ అంటే చదివేవాళ్లు పైసా ఇవ్వక్కర్లేదని, అంతే. రాసేవాళ్లు ఇవ్వాలని అందులో ఎక్కడా లేదు. కొన్ని జర్నల్స్ ఆ ఖర్చు రాసేవాళ్ల దగ్గర వసూలు చేస్తాయి. కొన్నింటికి విద్యాసంస్థలు గానీ అకాడమీలు గానీ ఖర్చు పెట్టుకుంటాయి, రాసేవాళ్ల దగ్గరా చదివేవాళ్ల దగ్గరా ఏమీ తీసుకోవు, వాటిని డైమండ్ ఓపెన్ యాక్సెస్ అంటారు. మీరు వెతకాల్సింది వీటిని. డీఓఏజే అని ఓపెన్ యాక్సెస్ జర్నల్స్ డైరెక్టరీ ఒకటుంది, 2003లో స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయంలో మొదలైంది. అందులో ఫీజు లేని జర్నల్స్‌ని విడిగా ఏరుకోవచ్చు.

మూడో దారి కూడా ఉంది. చందా కట్టి చదివే మామూలు మంచి జర్నల్‌కే పంపండి, వాటిలో చాలావాటికి రాసేవాళ్లు ఏమీ కట్టక్కర్లేదు. సమీక్ష అయి ఒప్పుకున్న మీ వర్డ్ ఫైలుని వాళ్ల నిబంధనలు చూసుకుని, అవసరమైతే కొన్ని నెలలాగి, జెనోడో లాంటి ఉచిత భాండాగారంలో పెట్టేయండి. కనిగిరిలో నీటి సరఫరా చూసే ఇంజినీరుకి విదేశీ జర్నల్ చందా ఎక్కణ్ణుంచి వస్తుంది?

ఆ 1,800 డాలర్ల జర్నల్ నిజంగా మంచిదే అయితే, పంపే ముందే ఫీజు తగ్గించమని అడగండి. పెద్ద సంస్థలు అడక్కుండానే మాఫీ చేసే పేద దేశాల జాబితాల్లో మన దేశం మామూలుగా ఉండదు. విడిగా రాయాలి. పేపర్ ఒప్పుకున్నాక అడిగితే చాలామంది వినరు.

జర్నల్ అసలుదో కాదో చూడటానికి వాళ్ల వెబ్‌సైట్‌లోని లింకుల్ని నమ్మకండి. జర్నల్స్‌ని ఏరి జాబితా చేసే స్కోపస్‌లో ఉన్నామని రాసుకుంటే మీరే ఆ స్కోపస్ జాబితాలోకి వెళ్లి ఐఎస్ఎస్ఎన్, అంటే జర్నల్ గుర్తింపు నంబరు కొట్టి చూడండి. పేరున్న జర్నల్‌కి అచ్చు అలాగే దొంగ వెబ్‌సైట్ పెట్టినవాళ్లూ ఉన్నారు. ఐఎస్ఎస్ఎన్ ఉన్నంత మాత్రాన మంచిదని కాదు, అది వరస నంబరు మాత్రమే. నమ్మదగిన జర్నల్స్ ఇవీ అంటూ యూజీసీ పెట్టిన యూజీసీ-కేర్ జాబితాలో ఉన్నామని ఎవరైనా ఇప్పటికీ గొప్పలు చెబితే, ఆ జాబితాను యూజీసీ 2025లో ఆపేసిందని గుర్తుపెట్టుకోండి. పీహెచ్‌డీ ఇవ్వడానికి పేపర్ తప్పనిసరి అన్న నిబంధననూ 2022లోనే తీసేసింది. మీ యూనివర్సిటీ సొంతంగా అడుగుతోందేమో కనుక్కోండి, గైడ్ గారి తొందర దేనికో తెలుస్తుంది.

ఇక దొంగతనం సంగతి. అచ్చయిన పేపర్‌కి తేదీ, డీఓఐ అనే శాశ్వత గుర్తింపు నంబరు ఉంటాయి, ఫలానా వాళ్లు ముందు చేశారని లోకానికి తెలుస్తుంది. ఓపెన్ యాక్సెస్ పేపర్లకి మామూలుగా ఇచ్చే సీసీ బై అనే అనుమతి పత్రం (లైసెన్స్) ఇచ్చారంటే ఎవరైనా వాడుకోవచ్చు, మీ పేరు మాత్రం చెప్పి తీరాలి. దాచుకున్న డేటాకే రక్షణ తక్కువ. ఒక్క జాగ్రత్త తీసుకోండి, బోరు ఎవరి పొలంలో ఉందో పేరు, సర్వే నంబరు వేయకండి, ఆ నీళ్లు బాగోలేవని అచ్చులో చూసి రేపు భూమి కొనేవాడు బేరం తగ్గిస్తే మీకు నీళ్లు పట్టిచ్చిన రైతు మిమ్మల్ని తిట్టుకుంటాడు.

ప్రశ్న: రొయ్యల చెరువుల మీద పేపర్ పంపి నాలుగు నెలలైంది, ఉలుకూ పలుకూ లేదు. ఈలోగా ఇంకో జర్నల్‌కి కూడా పంపొచ్చా?
– ఒక విద్యార్థి, ముత్తుకూరు

జవాబు: వద్దు నాయనా. రెండు చోట్లా ఒకేసారి పెట్టినట్టు తెలిస్తే రెండూ పోతాయి. పేపర్ నంబరు వేసి ఎడిటర్‌కి మర్యాదగా రెండు ముక్కలు మెయిల్ రాయి. నాలుగు నెలలు మంచి జర్నల్స్‌లో మామూలే, సమీక్షకులు జీతం లేకుండా చదువుతారు. ఇంకో రెండు నెలలు చూసినా పలక్కపోతే వెనక్కి తీసుకుంటున్నానని రాసి, ‘సరే’ అని జవాబు వచ్చాకే ఇంకోదానికి పంపు.