గలగలా మాట్లాడే ఆడపిల్లకి ఆటిజం ఉండదా?

మీ ప్రశ్న ఇదీ: బాబుకి ఆటిజం అని తేలింది, ఎనిమిదేళ్ల పాప మాత్రం అందరితో నవ్వుతూ మాట్లాడుతుంది, కానీ స్నేహాలు నెల తిరక్కుండానే చెడుతున్నాయి, చూపించాలా అని. చూపించండి. పలకరించి, జవాబు రాగానే "బాగానే ఉందమ్మా" అని పంపేసే చోటికి మాత్రం వద్దు.

ఇలాంటి ఆడపిల్లల్లో తేడా మొదటి మాట దగ్గర దొరకదు, మూడో మాట దగ్గర దొరుకుతుంది. పాప ఖాళీగా ఉన్నప్పుడు "ఇవాళ ఆఫీసులో పెద్ద గోలయింది" అని ఆపేయండి. ప్రశ్న వేయొద్దు, మనసులో ఐదు అంకెలు లెక్కపెట్టండి. ఆటిజం ఉన్న మగపిల్లాడైతే చాలాసార్లు ఆ మాటని అక్కడే వదిలేసి తన రైళ్లలోకో లిఫ్టుల్లోకో వెళ్లిపోతాడు. అది ఎవరికైనా తెలిసిపోతుంది. పాప కళ్లు పెద్దవి చేసి "అవునా!" అంటుంది. పెద్దవాళ్లు అక్కడే మురిసిపోయి మిగతాదంతా వాళ్లే చెప్పేస్తారు. మీరు ఆగండి. "ఏమైంది?" అని రావాలి. రాకపోతే ఇంకో ముక్క అందించండి: "కోతి వచ్చి నా టిఫిన్ డబ్బా ఎత్తుకుపోయింది." మామూలుగా ఈ వయసు పిల్లలు "మరి నువ్వేం తిన్నావ్?" అనో, "ఎలా వచ్చింది?" అనో అడుగుతారు. మళ్లీ నవ్వు, మళ్లీ అదే "అవునా!" వస్తే రాసిపెట్టుకోండి. వేర్వేరు రోజుల్లో వేరే విషయాలతో చేయాలి, ఎందుకంటే ఒక్కసారికి ఏ పిల్లయినా పరధ్యానంగా ఉండొచ్చు.

తర్వాత ఈడు పిల్లతో, అంటే పిన్ని కూతురో పక్కింటి పాపో, పది నిమిషాలు మాట్లాడుతుంటే ఫోన్‌లో రికార్డు చేయండి. టీవీ ఆపేయాలి. పెద్దవాళ్లతో రికార్డు చేస్తే పనికిరాదు, మనం ఖాళీలు పూడ్చేస్తాం. మొదటి రెండు మూడు నిమిషాలు వదిలేయండి, నేర్చుకున్న మాటలన్నీ అప్పుడే అయిపోతాయి. ఆ తర్వాత అవతలి పిల్ల చెప్పినదానికి అతికే ప్రశ్న ఎన్నిసార్లు వచ్చింది, కార్టూన్ డైలాగు అదే రాగంతో ఎన్నిసార్లు వచ్చింది, "అర్థం కాలేదు, ఎవరు?" అని అవతలివాళ్లు అడిగితే విడమర్చి చెప్పిందా, అదే వాక్యాన్ని గట్టిగా మళ్లీ అందా, ఇవి చూడండి.

ఫిలడెల్ఫియా పిల్లల ఆసుపత్రి పరిశోధకులు 2017లో ఇంగ్లిష్ మాట్లాడే పిల్లలు మాట మధ్యలో ఆలోచించుకుంటూ అనే 'అహ్', 'అమ్'లని లెక్కేశారు. ఆటిజం ఉన్న అబ్బాయిలు 'అహ్'తో పోలిస్తే 'అమ్' తక్కువ వాడారు, అమ్మాయిలు మాత్రం ఆటిజం లేని అమ్మాయిల్లాగే వాడారు. మన పిల్లల్లో "అంటే...", "అదీ..." లాంటివి అదే పని చేస్తాయని నా గట్టి నమ్మకం. అవి ఉంటే మాట సహజంగా వినిపిస్తుంది, వినేవాళ్లు అనుమానించరు. అక్కడే జరిగిన ఇంకో పనిలో, ఐదు నిమిషాల పరిచయపు కబుర్లయ్యాక కొత్తవాళ్లు ఆటిజం ఉన్న అమ్మాయిలకి ఆటిజం ఉన్న అబ్బాయిలకంటే మంచి మార్కులేశారు. మన ఓపీల్లో డాక్టరు ఇచ్చేదీ ఆ ఐదు నిమిషాలే!

బడిలో ఇంకా కష్టం. ఆటిజం ఉన్న అబ్బాయి ఇంటర్వెల్‌లో ఒక్కడే ఉంటాడు కాబట్టి కనబడతాడు, అమ్మాయి గుంపు అంచునే తిరుగుతూ లోపలికీ బయటికీ వెళ్తుంటుంది కాబట్టి దూరం నుంచి చూసే టీచరుకి ఆడుతున్నట్టే ఉంటుంది. "ఫ్రెండ్స్ ఉన్నారా?" అని అడక్కండి. "ఆటలో పాప వంతు ఏంటి? పక్కకెళ్తే ఎవరైనా పిలుస్తారా?" అని అడగండి. "సిగ్గెక్కువ, పద్ధతైన పిల్ల" అని మెచ్చుకునే బడులంటే నాకు ఒళ్లు మంట. ఆ పద్ధతంతా ఎవరినో చూసి అనుకరించిందే కావచ్చు, బడి నుంచి రాగానే చెప్పులు విసిరేసి ఏడ్చేది అందుకే కావచ్చు. కొన్ని థెరపీ సెంటర్లు ఇంకా ఘోరం, ఇలాంటి పిల్లకి మళ్లీ "హలో, హౌ ఆర్ యూ" చెప్పడం, కళ్లలోకి చూడడమే రుద్దుతాయి. అది దానికి ముందే వచ్చు.

ఆడపిల్లలందరూ ఇలాగే అని కాదు, దాచుకునే మగపిల్లలూ ఉన్నారు.

పరీక్షకి వెళ్తే మన దగ్గర ఎక్కువగా వాడేది ఐసా (ISAA), ఆటిజం ఎంతుందో చూడటానికి సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని మేధో వైకల్యాల జాతీయ సంస్థ తయారుచేసిన కొలత. 40 అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 5 మార్కులు, ఎంత తరచుగా కనబడుతుందన్నదాన్ని బట్టి వేస్తారు. మొత్తం 70 కంటే తక్కువొస్తే ఆటిజం లేదంటారు. సగం సమాచారం తల్లిదండ్రుల నోటి నుంచే వెళ్తుంది కాబట్టి మీరు "బాగానే మాట్లాడుతుందండీ" అంటే అక్కడ 1 పడుతుంది. రికార్డింగూ, తేదీలు వేసి రాసుకున్న కాగితమూ బల్ల మీద పెట్టి, అవి చూశాకే మార్కులు వేయమనండి.