టీవీ ఎంత ఎత్తున? పాట ఏ మాటల్లో?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు
ఈసారి: అంగన్‌వాడీ, ఎల్‌కేజీ గదుల్లో టీవీలు, ఫోన్లు, ట్యాబులు

ప్రశ్న: మా సెంటర్‌కు ఊళ్లో దాతలు 43 అంగుళాల టీవీ ఇచ్చారు. పిల్లలు లాగుతారని ఆరడుగుల ఎత్తున గోడకు బిగించాం. పెడితే ఇరవై మందీ కదలరు, మెదలరు. ఆపితే ఒకటే ఏడుపు. రోజుకు ఎంతసేపు చూపించొచ్చు?
– అంగన్‌వాడీ టీచర్, దేవరకొండ మండలం

జవాబు: ముందు టీవీని కిందికి దించండి. చాప మీద కూర్చున్న నాలుగేళ్ల పిల్ల కన్ను నేలకు రెండడుగుల లోపు ఎత్తులోనే ఉంటుంది. తెర ఆరడుగుల పైన ఉంటే మెడ వెనక్కి వాల్చి చూడాలి. కాసేపటికి ముందు వరుస వెల్లకిలా పడుకుంటుంది. తెర మధ్యభాగం నేల నుంచి మూడు, మూడున్నర అడుగుల్లో ఉంటే సరి. అప్పుడు చేతికి అందుతుంది కాబట్టి బల్ల మీద నిలబెట్టొద్దు, మీద పడే ప్రమాదం ఉంది. బ్రాకెట్‌ను గోడకే బోల్టులతో బిగించి, వైర్లను కేసింగ్ పట్టీలో పైకి పోనివ్వండి. మొదటి వరుస ఆరడుగుల దూరంలో కూర్చోవాలి. తలుపుకు ఎదురు గోడ మాత్రం వద్దు. పొద్దున పూట తెర మీద బొమ్మ కన్నా తలుపు వెలుగే ఎక్కువ కనిపిస్తుంది.

ఇక సమయం. మూడు నాలుగేళ్ల పిల్లలు కదలకుండా కూర్చుని తెర చూడటం రోజు మొత్తం మీద గంట దాటకూడదని, ఎంత తగ్గితే అంత మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఇంట్లో బువ్వ తినిపిస్తూ చూపించే ఫోన్ కూడా ఆ గంటలోకే వస్తుంది. అందుకని సెంటర్‌లో పది నిమిషాలు చాలు, అదీ రోజూ అక్కర్లేదు.

ఏం చూపించాలన్నది అంతకన్నా ముఖ్యం. బర్రె, మేక, కోడి వాకిట్లోనే ఉండగా వాటి వీడియో ఎందుకు? పిల్లల కంటికి అందనిదే తెర మీదికి రావాలి. సముద్రం సరే, మొలక సరే. గాజు గ్లాసులో తడి దూది పెట్టి, రాత్రంతా నానిన బొబ్బర్లు నాలుగింటిని గాజుకూ దూదికీ మధ్య దూర్చండి. దూది తడిగా ఉంటే చాలు. గింజ నీళ్లలో మునిగితే కుళ్లి వాసనొస్తుంది. రెండు మూడు రోజుల్లో తెల్లటి వేరు కనబడుతుంది. అది చూశాకే, వేగం పెంచి తీసిన మొలక వీడియో ఒకటిన్నర నిమిషం వేయండి. వేరు తోసుకొచ్చే చోట ఆపి, "ముందు వేరొచ్చిందా, ఆకొచ్చిందా?" అని అడగండి. గ్లాసు దగ్గరికి ఉరుకుతారు. చిన్నపిల్లలు తెర మీది మనిషి కన్నా ఎదుటి మనిషి దగ్గరే బాగా నేర్చుకుంటారు. మూడేళ్లలోపు వాళ్లకైతే ఈ తేడా మరీ ఎక్కువ. వీడియోను మధ్యలో ఆపి మాట్లాడమనేది అందుకే. కదలక మెదలక చూస్తున్నారంటే శ్రద్ధగా నేర్చుకుంటున్నారని మురిసిపోవద్దు.

ఏడుపుకు చాలాసార్లు ఆటోప్లేనే కారణం. ఒకటి అయిపోగానే ఇంకోటి దానంతటదే వస్తుంటే, అయిపోయిందన్న సంగతి పిల్లలకు ఎలా తెలుస్తుంది? ఆటోప్లే తీసేయండి. "రెండు పాటలు" అని ముందే రెండు వేళ్లు చూపించండి. రిమోట్ నొక్కి ఆపే వంతు రోజుకొకరికి ఇవ్వండి. ఆపగానే కూర్చోబెట్టకుండా చేతులు కడుక్కోవడానికి లేపండి.

ప్రశ్న: మా దగ్గర సిగ్నల్ సరిగా రాదు. పెన్‌డ్రైవ్‌లో వేసుకొస్తే కొన్ని వీడియోలకు మాటే వస్తుంది, బొమ్మ రాదు.
– టీచర్, అచ్చంపేట

జవాబు: మాట వచ్చి బొమ్మ రాలేదంటే పెన్‌డ్రైవ్ బాగానే ఉన్నట్టు. ఆ వీడియోను హెచ్ 265 అనే పద్ధతిలో కుదించి ఉంటారు, పాత టీవీలు దాన్ని చదవలేవు. హెచ్ 264 పద్ధతికి, ఎంపీ4 ఫైలుగా, 720పీ సైజుకు మార్చుకోండి. మీరే ఫోన్‌తో తీసే వీడియోలకైతే కెమెరా సెట్టింగుల్లోనే హెచ్ 264 ఎంచుకోవచ్చు. అసలు డ్రైవే కనబడకపోతే దాన్ని కంప్యూటర్‌లో ఫ్యాట్32 అనే పద్ధతిలో ఫార్మాట్ చేయండి. లోపల ఉన్నదంతా పోతుంది కాబట్టి ముందే కాపీ తీసుకోవాలి. ఫ్యాట్32లో 4 జీబీ దాటిన ఫైలు ఎక్కదు, రెండు నిమిషాల పాటలకు ఆ ఇబ్బంది ఎలాగూ రాదు. పేర్లకు ముందు 01, 02 అని వేయండి. ఉత్త 1, 2 అని వేస్తే చాలా టీవీల్లో 1 తర్వాత 10 వస్తుంది.

ప్రభుత్వ పాఠాల యాప్ దీక్షాలోని పాఠాలను సిగ్నల్ ఉన్నచోట దించుకుంటే తర్వాత నెట్ లేకుండానే చూడొచ్చు. పోషణ్ ట్రాకర్ (అంగన్‌వాడీ వివరాలు నమోదు చేసే యాప్) నడిచే ఫోన్‌ను మాత్రం పాటలకు వాడొద్దు. స్టోరేజీ నిండుతుంది, మధ్యాహ్నానికి చార్జింగ్ అయిపోతుంది, మీ ఎంట్రీలు ఆగిపోతాయి. కరెంటు పోతే టీవీ ప్లగ్గు పీకేయండి. తిరిగి వచ్చేటప్పుడు వోల్టేజీ ఎగిరిపడి బోర్డులు కాలుతుంటాయి.

ప్రశ్న: మాది తండా. పిల్లలకు ఇంట్లో లంబాడీయే. వీడియోల్లోని పుస్తకాల తెలుగు వాళ్లకు ఎక్కడం లేదు.
– అంగన్‌వాడీ టీచర్, మిర్యాలగూడ వైపు నుంచి

జవాబు: మీకు టీవీ కన్నా చిన్న స్పీకరే ఎక్కువ పనికొస్తుంది. పాట విన్నప్పుడు బొమ్మను పిల్లలే ఊహించుకోవాలి, పైగా ఆడుతూ వినొచ్చు. తండాలో పాటలు, పొడుపుకథలు వచ్చిన అవ్వలను అడిగి రికార్డు చేయండి.

ఫ్యాన్ ఆపి, తలుపు వేసి, ఫోన్‌ను నోటికి జానెడు దూరంలో, సూటిగా కాకుండా కొంచెం పక్కకు పెట్టండి. ఎదురుగా పెడితే "ప", "బ" అన్నప్పుడల్లా గాలి తగిలి బుస్సుమంటుంది. రేకుల గదిలో గొంతు మోగుతుంది కాబట్టి చుట్టూ దుప్పట్లు వేలాడదీయండి. ఒక్కో ఫైలు రెండు నిమిషాలు దాటొద్దు. ప్రతి చరణం తర్వాత నాలుగు సెకన్లు ఖాళీ వదలమనండి, పిల్లలు తిరిగి అనడానికి. ఆ ఖాళీ లేకపోతే వింటారే గానీ అనరు. ఇదే చాలామంది వదిలేసేది.

అదే పాటలోని వస్తువులను మర్నాడు చేత్తో పట్టి చూపిస్తూ తెలుగులో చెప్పండి. లంబాడీకి సొంత లిపి లేదు, పేర్లు తెలుగు అక్షరాల్లో రాసుకోవచ్చు. చిన్నప్పటి చదువు ఇంటి భాషలో సాగాలని 2020 జాతీయ విద్యా విధానం కూడా చెబుతోంది, ఎవరైనా అడ్డు చెబితే ఆ మాట అనండి.

బ్లూటూత్‌కు పక్కింటి ఫోన్లు కలుస్తుంటే మెమరీ కార్డు పెట్టే స్పీకర్ తీసుకోండి. ఇరవై మందికి 5 వాట్లు చాలు. పక్కనున్న మనిషితో గొంతు పెంచి మాట్లాడాల్సి వస్తే శబ్దం ఎక్కువైనట్టే.

ప్రశ్న: మా పాప ఎల్‌కేజీ. స్కూల్లో ట్యాబు మీద వేలితో అక్షరాలు దిద్దిస్తున్నారు. చేతిరాత బాగుపడుతుందా?
– ఒక తల్లి, జడ్చర్ల

జవాబు: అక్షరం ఆకారం గుర్తుంటే ఉండొచ్చు. చేతిరాతకు మాత్రం వేళ్ల పట్టు కావాలి, నున్నటి అద్దం మీద ఒక్క వేలు జరిపితే ఆ పట్టు రాదు. పలక–బలపం, పళ్లెంలో ఇసుక, మట్టి ముద్ద, చిక్కుడుకాయలు వొలవడం వంటి వాటితోనే వస్తుంది. ట్యాబు తప్పదంటే ఇద్దరికి ఒకటి ఇమ్మనండి, మాటలైనా పెరుగుతాయి. యాప్ పిన్నింగ్ (తెర మీద ఒక్క యాప్‌నే నిలిపి ఉంచే సెట్టింగు) పెట్టమనండి, పాప వేరే యాప్‌లోకి పోకుండా ఉంటుంది. ఆ యాప్‌లో ప్రకటనలు వస్తాయా, పాప పేరు, ఫొటో అడుగుతుందా అన్నది కూడా తెలుసుకోండి. పిల్లల సమాచారం వాడుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలని, పిల్లల మీదికి గురిపెట్టిన ప్రకటనలు వద్దని 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టంలో ఉంది.

ప్రశ్న: మాట్లాడే బొమ్మల పుస్తకాలు కొనొచ్చా?
– పాఠకుడు, నారాయణపేట

జవాబు: కొనొచ్చు. అయితే బ్యాటరీ మూతకు స్క్రూ ఉండాలి, వేలితో తెరుచుకునేదైతే వద్దు. లోపల ఉండే బిళ్ల బ్యాటరీని పిల్లలు మింగితే, అది గొంతులో ఇరుక్కుని రెండు గంటల్లోనే అన్నవాహికను కాల్చగలదు. పైకి ఏ లక్షణమూ కనబడకపోవచ్చు. మింగారన్న అనుమానం వచ్చినా సరే, వాంతి చేయించకుండా 108కి ఫోన్ చేసి, ఎక్స్‌రే ఉన్న పెద్దాసుపత్రికి నేరుగా తీసుకెళ్లండి. అలాంటి బ్యాటరీ ఇంకోటి ఇంట్లో ఉంటే వెంట తీసుకెళ్లి డాక్టరుకు చూపించండి.