గుడ్లు లేకుండానే గంపలో కూర్చుంది!

ప్రశ్న: మాది ఆమదాలవలస దగ్గర పల్లె. మా నాటుపెట్ట పదమూడు గుడ్లు పెట్టి ఆపేసింది. వారం నుంచి ఖాళీ గంపలోనే కూర్చుంటోంది, చెయ్యి పెడితే ఈకలు పొంగించి పొడుస్తోంది, సరిగ్గా మేతకీ రావట్లేదు. బావి నీళ్లలో రెండు మునకలు వేయించమంటున్నారు మా అత్తగారు. రోగమేమోనని టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: రోగం కాదమ్మా, పొదుగుకొచ్చింది. కింద గుడ్లున్నాయా లేవా అన్నది ఇప్పుడు దానికి పట్టదు. మెల్లగా రొమ్ము కిందకి చెయ్యి పోనిచ్చి చూడండి, అక్కడ ఈకలు పలచబడి ఒళ్లు వేడిగా తగులుతుంది, గుడ్లకి వెచ్చదనం నేరుగా అందాలనే ఆ ఏర్పాటు.

మీ అత్తగారిది పాత వైద్యమే, పొట్ట చల్లబడితే పొదుగు వదులుతుందని. మా నాయనమ్మ కూడా అలాగే ముంచేది, పెట్టేమో వణుక్కుంటూ వెళ్లి ఈకలు ఆరకముందే మళ్లీ గంపెక్కేది! అంత హింస ఎందుకు? అడుగున గాలి ఆడే జాలీ పంజరంలో, గడ్డి వెయ్యకుండా, మేత నీళ్లు పెట్టి మూడు నాలుగు రోజులు ఉంచండి చాలు.

పిల్లలు కావాలంటే మాత్రం ఇంతకంటే మంచి సమయం దొరకదు. పుంజు తిరిగే ఇంటి నుంచి వారం లోపు పెట్టిన గుడ్లు పది తెచ్చి, చీకటి పడ్డాక దాని కింద సర్దండి. కొట్టులో కొన్న ఫారం గుడ్లు పనికిరావు, పుంజు లేకుండా పెట్టినవి కదా. వేర్వేరు రోజుల్లో పెట్టిన గుడ్లయినా ఇంచుమించు ఒకేసారి, 21వ రోజుకి పగులుతాయి, ఎందుకంటే పెట్ట కూర్చుని వేడి తగిలాకే లోపల పిల్ల ఎదగడం మొదలవుతుంది. రోజుకోసారి లేచి గబగబా తిని, ఇంత ముద్ద రెట్ట వేసి పోతుంది, ఆ కంపుకి హడలిపోకండి. అసలు లేవకపోతే మీరే ఎత్తి మేత దగ్గర దించండి.

ప్రశ్న: కోళ్లు గులకరాళ్లు ఎందుకు మింగుతాయి?
– ఆరో తరగతి విద్యార్థి, విజయనగరం

జవాబు: పళ్లు లేవుగా బాబూ! గింజలు ముందు మెడ కింద సంచిలో నాని, తర్వాత కందనకాయలోకి వెళ్తాయి. అక్కడ ఈ రాళ్లే తిరగలి. ఈసారి ఇంట్లో నాటుకోడి కోస్తే కందనకాయ చీల్చేటప్పుడు పక్కన నిలబడు, పసుపుపచ్చ పొర మీద ఇసుక, గులకలు కనిపిస్తాయి.